ఎడారి నడకలో తాగునీరు: సీసాలా, నీటి సంచా, ఒంటె మీద క్యాన్లా?

రాజస్థాన్‌లో థార్ ఎడారిలోని జైసల్మేర్ చుట్టుపక్కల ఇసుక తిన్నెల మీద నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగే కాలినడక యాత్రలకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నుంచి కూడా మనవాళ్ళు వెళుతున్నారు. కొందరు యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నిర్వహించే ఎడారి శిబిరాల్లో చేరతారు. ఇంకొందరు ఐదారుగురు స్నేహితులు కలిసి, ఒంటెలనూ వాటిని తోలేవారినీ మాట్లాడుకొని సొంతంగా బయలుదేరతారు. బూట్ల గురించి, స్లీపింగ్ బ్యాగుల గురించి వారాల తరబడి ఆరా తీసేవారు కూడా నీటి దగ్గరికి వచ్చేసరికి రెండు బాటిళ్ళు పెట్టుకుంటే చాలులే అనుకుంటారు. నల్లమలలోనో, అరకు కొండల్లోనో నడిచిన అలవాటు అది. అక్కడ ఏదో ఒక వాగు తగులుతుంది, గూడెంలో చేతిపంపు ఉంటుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని జైసల్మేర్ జిల్లాలో దారి మధ్యలో నీరు దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు. దొరికినా అది తాగదగినదై ఉంటుందన్న నమ్మకం లేదు.

అందువల్ల నీటిని దేనిలో పట్టుకెళ్ళాలి, ఎవరి మీద మోయించాలి, ఎలా శుద్ధి చేసుకోవాలి, ఎప్పుడు తాగాలి అన్న నాలుగు నిర్ణయాలూ ఇంటి దగ్గరే తీసుకోవాలి. ఏ వస్తువును ఎంచుకున్నా నేను దానికి వేసే ప్రశ్నలు రెండే. నీరు ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు కంటికి కనిపిస్తుందా? ఒక్క ముల్లు గుచ్చుకున్నా, ఒక్క మూత ఊడినా ఎంత నీరు నేలపాలవుతుంది? ధర, బరువు, రంగు, కంపెనీ పేరు వీటి తరువాతే వస్తాయి.

ముందు లెక్క తేలాలి

శీతాకాలంలో థార్‌లో పగలు ఎండ హాయిగానే ఉంటుంది, రాత్రి చలి గట్టిగా వేస్తుంది. ఈ హాయే మోసం చేస్తుంది. గాలి బాగా పొడిగా ఉండటం వల్ల చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. విజయవాడ ఎండలో చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటే ఒంట్లోంచి నీరు పోతోందని మనకు తెలుస్తుంది. ఇక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది, నుదుటి మీద చెయ్యి పెడితే ఉప్పు గరుకు మాత్రం తగులుతుంది. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే వెనకబడిపోతాం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కాలిఫోర్నియా ఎడారిలో సైనికులపై ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త బృందం చేసిన పరిశోధనలో తేలినది కూడా ఇదే. ఎండలో పనిచేసే మనిషి దాహాన్ని మాత్రమే నమ్ముకుంటే, ఎదురుగా నీళ్ళున్నా పోయిన చెమటకు తగినంత తాగడు. తక్కువ నీటితో గడిపేలా ఒంటికి అలవాటు చేయవచ్చన్న నమ్మకం కూడా ఆ పరిశోధనలో నిలబడలేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో రోజుకు పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు నడిచే మనిషికి తాగడానికే నాలుగు లీటర్లు ఉంచుకోమని నా సలహా. వంటకూ టీకీ ఒకటిన్నర లీటరు, పళ్ళు తోముకోవడం, చేతులు కడుక్కోవడం వంటి వాటికి అర లీటరు కలిపితే మనిషికి రోజుకు ఆరు లీటర్లు. కంచాలు కడగడానికి ఇందులో వాటా లేదు, ఎందుకంటే అక్కడివాళ్ళు గిన్నెలను పొడి ఇసుకతోనే తోమి గుడ్డతో తుడుస్తారు; ఆ పద్ధతిని మనమూ సంకోచం లేకుండా పాటించవచ్చు. ఆరుగురు బృందం మూడు రోజులు నడిస్తే నూట ఎనిమిది లీటర్లు. దాని మీద నాలుగో వంతు అదనంగా, ముట్టుకోకూడని నిల్వగా వేసుకుంటే నూట ముప్ఫై అయిదు లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కాబట్టి ఇది నూట ముప్ఫై అయిదు కిలోలు, అంటే మనిషికి ఇరవై రెండు కిలోలకు పైమాటే. తిండి, పక్క, బట్టలు కలవకముందే ఇంత బరువుంటే దాన్ని భుజాన వేసుకొని మెత్తని ఇసుకలో నడవడం జరిగే పని కాదు. కాబట్టి తొలి ఎంపిక పాత్ర గురించి కాదు, మోసేవారి గురించి.

ఈ అంకెలు చలికాలానికి మాత్రమే పనికొస్తాయి. జైసల్మేర్‌కు పొరుగునే ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. మార్చి సగం దాటిన తరువాత అక్కడ నడక పెట్టుకోవాలనుకునేవారికి ఏ సీసా మంచిదో చెప్పడం కన్నా వెళ్ళవద్దని చెప్పడమే సరైన సలహా.

భుజమా, ఒంటా, జీపా

ఒక్క పూటో, ఒక్క రోజో నడిచి సాయంత్రానికి ఊరు చేరే నడకకు భుజమే చాలు. ఐదారు లీటర్ల వరకు మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి మోయగలడు, పైగా తాగుతున్న కొద్దీ బరువు తగ్గుతుంది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు వారాంతాల్లో రస్ అల్ ఖైమా కొండల్లో చేసే నడకలు ఈ కోవలోవే. అక్కడ నేలంతా రాయి, ఒంటెతో పని ఉండదు. తెల్లవారుజామున బయలుదేరి, మోయగలిగినంత నీటితో తిరిగిరాగల దూరమే పెట్టుకోవాలి. మోయలేనంత నీరు అవసరమైన దారి ఒంటరిగా, సొంత భుజాల మీద నడిచే దారి కాదని తేల్చుకోవడానికి ఇదే కొలత.

రాత్రి బస ఉన్న యాత్రలకు ఒంటెకూ జీపుకూ మధ్య ఎంచుకోవాలి. జీపుతో సౌకర్యం ఎక్కువ. సమ్, ఖురీ వంటి ఊళ్ళ నుంచి ఇసుక బాటల మీద సాయంత్రానికి బస దగ్గరికి చల్లటి నీళ్ళ క్యాన్లతో వచ్చి కూర్చుంటుంది. పిల్లలో, పెద్దవయసువాళ్ళో బృందంలో ఉంటే ఎవరికైనా బాగుండకపోయినప్పుడు తీసుకుపోవడానికి బండి ఉంటుందన్న ధైర్యం చిన్నది కాదు. కాని జీపు బాట ఉన్నచోటికే వస్తుంది, ఇసుకలో చక్రాలు కూరుకుపోతే రాదు, మీరు వెళ్ళిన తిన్నెకూ డ్రైవరు అనుకున్న తిన్నెకూ తేడా వస్తే రెండు పక్షాలూ ఒకరినొకరు వెతుక్కుంటూ ఉండాల్సివస్తుంది. చీకటి పడ్డాక తిన్నెలన్నీ ఒకేలా కనిపిస్తాయి, సెల్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. జీపునే ఎంచుకున్నవారు ఆ రాత్రికీ, మర్నాడు ఉదయం నడకకూ సరిపడా నీరు భుజాన ఉంచుకొనే నడవాలని నేను గట్టిగా చెబుతాను. అంటే ఆ రోజు తాగేది కాక మనిషికి మరో రెండు లీటర్లు.

ఒంటె మీదకు ఎక్కించిన నీరు మనతోపాటే నడుస్తుంది. నా ఓటు దీనికే. పైన వేసిన నూట ముప్ఫై అయిదు కిలోలను ఒక్క ఒంటే మోయగలదు. అయినా రెండు ఒంటెల మీద పంచి కట్టించండి. ఒక ఒంటె బెదిరి పరుగెత్తినా, కూలబడినా సగం నీరు రెండోదాని మీద ఉంటుంది. జీను రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి కాబట్టి క్యాన్లను జతలుగా వేలాడదీస్తారు. తీసేటప్పుడు కూడా కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి తీయాలి. ఒకవైపే ఖాళీ చేస్తూపోతే జీను ఒరిగి ఒంటె వీపు ఒరుసుకుపోతుంది. ఈ విషయంలో ఒంటె తోలే మనిషి మాటే చివరి మాట. క్యాన్ల పరిమాణం మాత్రం మీరు నిర్ణయించుకోవచ్చు, ఇరవై లీటర్లవాటి కన్నా పది లీటర్లవి మేలు. పది లీటర్ల క్యానును ఎవరైనా ఒంటి చేత్తో ఎత్తి ఒలకకుండా సీసాలోకి వంచగలరు. ఒకటి పగిలితే పోయేది పది లీటర్లే. మన ఊళ్ళలో ఇంటింటికీ వేసే పారదర్శకమైన ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను దీనికి పూర్తిగా పనికిరాదు. దాని మూత నొక్కి పెట్టేది, మర కాదు. ఒంటె నడకలోని ఊపుకు గంటలోనే ఊడివస్తుంది. మర మూతా, లోపల రబ్బరు వాషరూ ఉన్న, ఆహారపదార్థాలకు వాడదగిన మందపాటి ప్లాస్టిక్ క్యానులే తీసుకోవాలి. నూనె గాని, రసాయనం గాని అంతకుముందు పోసిన క్యాను ఎన్నిసార్లు కడిగినా వద్దు.

దారిలో ముందుగానే నీటి సీసాలను పాతిపెట్టి వచ్చే పద్ధతి కూడా ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి గుండా పోయే పొడవైన నడకదారిలో చాలామంది ఇలాగే చేస్తారు. థార్‌కు దీన్ని నేను సూచించను. ఇక్కడి తిన్నెలు గాలికి ఆకారం మారుస్తాయి, మేకలూ పశువులూ తిరిగే నేల ఇది, దొరకని సీసా ప్లాస్టిక్ చెత్తగా మిగులుతుంది. జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో విస్తరించిన డెజర్ట్ నేషనల్ పార్క్ అంతరించిపోతున్న బట్టమేక పిట్టకు మిగిలిన కొద్దిపాటి ఆశ్రయాల్లో ఒకటి. అక్కడ నేలలో ప్లాస్టిక్ పాతి రావడం మనం చేయదగిన పని కాదు.

వెంట ఉంచుకునే నీటికి ఏ పాత్ర

పెద్ద నిల్వ ఒంటె మీదున్నా, నడిచేటప్పుడు ప్రతి మనిషి దగ్గరా కనీసం మూడు లీటర్లు ఉండాలి. ఇక్కడే సీసాల పక్షంవారికీ, హైడ్రేషన్ బ్లాడర్ అన్న పేరుతో అమ్మే నీటి సంచి పక్షంవారికీ వాదన వస్తుంది.

నీటి సంచికి ఉన్న గొప్ప గుణం ఒక్కటే, అది నిజంగా గొప్పదే. భుజం మీదుగా వచ్చే గొట్టం నోటికి దగ్గర్లోనే ఉంటుంది కనుక ఆగకుండా, బ్యాగు దించకుండా పావుగంటకోసారి గుక్కెడు తాగవచ్చు. సీసాలు బ్యాగు వెనక జేబుల్లో పెట్టుకున్నవారు బద్ధకించి తాగడం వాయిదా వేస్తారు. బరువు వీపంతా పరుచుకోవడం కూడా దీనికి కలిసొచ్చే అంశమే. కాని ఎడారిలో దీని లోపాలు పెద్దవిగా బయటపడతాయి. నీరు ఎంత మిగిలిందో కనిపించదు, ఉన్నట్టుండి గొట్టంలో గాలి వచ్చినప్పుడే అయిపోయిందని తెలుస్తుంది. ఎండ తగిలే గొట్టంలోని నీరు వేడెక్కి, మొదటి రెండు గుక్కలూ ప్లాస్టిక్ వాసనతో నోట్లోకి వస్తాయి. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది నీటిని సంచిలోకి తిరిగి పంపేస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది, కొనేవారికి ఈ చిట్కా ఎవరూ చెప్పరు. గొట్టం చివర పళ్ళతో కొరికితే తెరుచుకునే మూతిలో ఇసుక చేరితే అది సరిగ్గా మూసుకోక చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. మధ్యాహ్నం ఆగినప్పుడు బ్యాగును నేల మీద పడేస్తే ఆ మూతి ఇసుకలోనే పడుతుంది. ఇక ముళ్ళ సంగతి. థార్‌లో భురుట్ అనే గడ్డి ఉంది. దాని గింజల చుట్టూ సన్నని ముళ్ళుంటాయి. ప్యాంటు అంచులకూ, సాక్సులకూ, దుప్పట్లకూ పట్టుకొని, అక్కడి నుంచి బ్యాగులోకి చేరతాయి. రేగు జాతి పొదలూ, జమ్మిచెట్టు కొమ్మలూ వేరే. పలుచని సంచికి ఒక్క రంధ్రం పడితే రెండు మూడు లీటర్లూ ఒకేసారి పోతాయి, మీ బట్టలూ పక్కా తడుస్తాయి, ఆ రాత్రి చలిలో అది రెండో ఆపద.

సీసాలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. లీటరువి మూడు పెట్టుకుంటే ఒకటి పోయినా రెండు మిగులుతాయి, ఎంత తాగామో ఎంత ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది, క్యాను నుంచి నింపుకోవడం సులభం, శుభ్రం చేసుకోవడం ఇంకా సులభం. ఆగి తాగాల్సిరావడమే లోపం. బ్యాగు భుజపట్టీకి ఒక సీసాను వేలాడదీసుకొనే జేబు కుట్టించుకుంటే ఆ లోపం కూడా చాలావరకు తీరుతుంది. మన వీధిలోని బ్యాగులు కుట్టే మనిషి దాన్ని అరగంటలో కుట్టి ఇస్తాడు.

సీసాల్లోనూ తేడాలున్నాయి. దుకాణంలో కొన్న పలుచని లీటరు నీళ్ళ బాటిల్ పాతిక ముప్ఫై గ్రాములే తూగుతుంది, కాని నొక్కుకుపోయిన చోట త్వరగా చిట్లుతుంది. గ్యాస్ ఒత్తిడిని తట్టుకోవడానికి చేసినది కాబట్టి కూల్‌డ్రింకు బాటిల్ అంతకన్నా దళసరిగా, గట్టిగా ఉంటుంది. బాగా కడిగి ఆరబెట్టిన కూల్‌డ్రింకు బాటిళ్ళు ఒక్క యాత్రకు నిస్సందేహంగా సరిపోతాయి. ఖర్చు పెట్టలేని విద్యార్థులకు నేను వీటినే చెబుతాను. తరచుగా వెళ్ళేవారు వెడల్పు మూతి ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలు కొనుక్కోవచ్చు. మామూలు స్టీలు సీసాలో నీటి మట్టం కనిపించదు, ఎండలో కాలిపోతుంది. అవసరమైతే మంట మీద పెట్టి నీళ్ళు కాచుకోగలగడం మాత్రం దాని సుగుణం. వేడిని పట్టి ఉంచే రెండు పొరల ఫ్లాస్కు లీటరుది ఖాళీగానే అర కిలో దాకా తూగుతుంది కనుక ప్రధాన పాత్రగా వద్దు. తెల్లవారుజామున చలిలో వేడినీళ్ళ కోసం ఇద్దరికి ఒకటి ఉంటే బాగుంటుంది. రాగి సీసాను ఇంట్లోనే ఉంచి రండి, నిమ్మరసం గాని ఓఆర్ఎస్ గాని అందులో కలపకూడదు.

మొదటిసారి ఎడారికి వెళ్ళేవారు మూడు సీసాలతోనే వెళ్ళాలి. నీటి సంచికి అలవాటు పడినవారు రెండు లీటర్ల సంచితోపాటు ఒక లీటరు సీసా తప్పకుండా పెట్టుకోవాలి, సంచిలో ఉత్త నీరు మాత్రమే పోయాలి. చక్కెర కలిసిన ఏది పోసినా గొట్టం లోపల బూజు పడుతుంది, దాన్ని శుభ్రం చేయడం ప్రహసనమే.

ఎండలో నీరు చల్లగా ఉండాలంటే ఖరీదైన పాత్ర అవసరం లేదు. పాత నూలు సాక్సును సీసాకు తొడిగి, దాన్ని తడిపి, గాలి తగిలేలా బ్యాగు బయట నీడవైపు వేలాడదీస్తే చాలు. తేమతో నిండిన కోస్తాలో ఇది అంతగా పనిచేయదు. థార్‌లోని పొడిగాలిలో అరగంటకే తేడా నోటికి తెలుస్తుంది. రాజస్థాన్‌లో ఛాగల్ అని పిలిచే కాన్వాసు నీటి సంచి, ఒకప్పుడు జీపులకూ లారీలకూ ముందు వేలాడుతూ కనిపించేది, ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. దాని నేత గుండా ఊరిన చెమ్మ ఆవిరై లోపలి నీటిని చల్లబరుస్తుంది. అయితే ఆ చెమ్మ మన తాగునీటిలో భాగమే కనుక బసలో వాడుకోవడానికి బాగుంటుంది, నడిచేటప్పుడు కొలిచి పెట్టుకున్న నీటికి వద్దు.

దారిలో దొరికే నీటిని శుద్ధి చేయడం

శుద్ధి పరికరాలు కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. హిమాలయాల్లో నడిచేవారికి శత్రువు సూక్ష్మక్రిములు. థార్‌లో వాటితోపాటు నీటిలో కరిగి ఉన్న ఉప్పూ, ఫ్లోరైడూ కూడా శత్రువులే. పశ్చిమ రాజస్థాన్‌లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది, ఫ్లోరైడు ఎక్కువ. ఫ్లోరైడు అంటే ఏమిటో నల్లగొండ జిల్లావారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. రెండు మూడు రోజుల యాత్రలో ఫ్లోరైడు వల్ల ఎముకలకు ముప్పు రాదు గాని, ఉప్పునీరు తాగితే దాహం ఇంకా పెరుగుతుంది, కడుపు పాడవుతుంది. ఈ రెండింటినీ తీసే శక్తి మనం జేబులో పెట్టుకెళ్ళే ఏ పరికరానికీ లేదు. కాచినా పోవు, కాచినకొద్దీ నీరు తగ్గి గాఢత పెరుగుతుంది.

కాబట్టి బోరునీరు ఉప్పగా తగిలితే వదిలేయాలి. వాననీటిని పట్టి ఉంచే టాంకా అనే భూగర్భ తొట్టెల నీరూ, ఇందిరా గాంధీ కాలువ ద్వారా పంజాబ్ నుంచి వచ్చే నీరూ రుచికి మంచివే, వాటికి క్రిముల భయం మాత్రమే. ఆ భయం తీరడానికి మూడు దారులున్నాయి. సగం మరుగుతోనే దించేయకుండా, బుడగలు తెర్లి ఒక నిమిషం గడిచేలా కాచడం అన్నిటికన్నా నమ్మకమైనది. కట్టెలు దుర్లభమైన చోట, గ్యాసు లెక్కపెట్టుకొని తెచ్చుకున్న చోట అది టీ నీళ్ళకు మించి సాగదు. క్లోరిన్ బిళ్ళలు బరువే ఉండవు, బాక్టీరియాకూ వైరస్‌లకూ బాగా పనిచేస్తాయి. ప్యాకెట్ మీద రాసినంత సేపు, సాధారణంగా అరగంట, ఆగాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వీటికి లొంగదు, బురదనీటిలో ఇవి సరిగా పనిచేయవు. 0.1 మైక్రాన్ రంధ్రాల ఫైబర్ ఫిల్టరు బాక్టీరియానూ, ఆ పరాన్నజీవినీ ఆపుతుంది, వైరస్‌లను ఆపలేదు, సన్నటి ఇసుక మట్టికి త్వరగా పూడుకుపోతుంది. ఒకసారి తడిసిన తరువాత లోపల నీరు గడ్డకడితే ఆ ఫైబర్లు చిట్లిపోయి ఫిల్టరు పనికిరాకుండా పోతుంది, పైకి చూస్తే మాత్రం బాగానే ఉంటుంది. థార్‌లో అంత చలి అరుదు. అదే ఫిల్టరుతో లదాఖ్ శీతల ఎడారికి వెళ్ళేవారు రాత్రి దాన్ని పక్కలో పెట్టుకొని పడుకోవాలి.

నీరంతా జైసల్మేర్‌లోనే నింపుకొని వెళ్ళే చిన్న యాత్రకు క్లోరిన్ బిళ్ళల స్ట్రిప్ ఒక్కటి అత్యవసరానికి సరిపోతుంది, ఫిల్టరు కొనడం డబ్బు దండగ. ఊళ్ళలో నీరు పట్టుకుంటూ వారం నడిచేవారు మాత్రం నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, ఫిల్టరు చేసి, ఆపై బిళ్ళ వేయడం మంచిది.

టాంకా దగ్గర ఒక మాట గుర్తుంచుకోవాలి. సున్నంతో పూసిన గుండ్రటి కట్టడం, దానికి చిన్న చెక్క తలుపు, తాళం, పక్కన తాడు కట్టిన బకెట్ చూసి అది ఊరి బావి అనుకోకండి. అది ఒక కుటుంబం శ్రావణ భాద్రపదాల్లో పడిన నాలుగు వానలను ఏడాదికి సరిపెట్టుకొనే నిల్వ. గడప దగ్గరికి వెళ్ళినవాళ్ళకు వాళ్ళు చెంబెడు నీళ్ళు ఇవ్వకుండా పంపరు. ఆరుగురం వెళ్ళి యాభై లీటర్లు నింపమని అడగడం మాత్రం అన్యాయం. అంత కావాలంటే ముందే డబ్బిచ్చి ట్యాంకరు నీరు ఏర్పాటు చేసుకోవాలి.

ఎప్పుడు తాగాలి, ఏమి తాగాలి

నీరు తక్కువగా ఉంది కదా అని గుక్కలు లెక్కపెట్టుకొని పెదవులు తడుపుకుంటూ నడిచే పద్ధతి ఎంతో సంయమనంలా కనిపిస్తుంది, నిజానికి అపాయకరం. తాగడం మానినంత మాత్రాన చెమట ఆగదు. పొదుపు చేయదగినది చెమటనే, అంటే మధ్యాహ్నం నీడలో ఆగడం, పొద్దున్నే నడవడం, పొడుగు చేతుల వదులు చొక్కా వేసుకోవడం, తలకు పాగా చుట్టుకోవడం. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ అధికారులు వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడవవద్దని చెబుతారు; అరిజోనాలో ఉంటూ అక్కడికి వెళ్ళే తెలుగువారికీ అదే నియమం.

అలాగని గటగటా లీటర్లకు లీటర్లు ఉత్త నీరు తాగడమూ మంచిది కాదు. చెమటతో సోడియం పోతుంది. ఉత్త నీటితోనే దాన్ని పూడ్చబోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి మూర్ఛ కూడా రావచ్చు. ఈ లక్షణాలు నీరు తగ్గినప్పటివాటిలాగే ఉండటంతో పక్కవాళ్ళు ఇంకా నీళ్ళు తాగిస్తారు. అమెరికా సైన్యం తన సైనికులకు గంటకు 1.4 లీటర్లకు మించి తాగవద్దని పరిమితి పెట్టింది. నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా, మధ్యలో ఉప్పు తగిలే తిండితో తీసుకుంటే థార్ చలికాలానికి సరిపోతుంది. వేరుశనగలు, అటుకుల చుడువా, ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే మజ్జిగ, ఇవి చాలు.

ఓఆర్ఎస్ రోజంతా తాగే పానీయం కాదు. బాగా చెమట పట్టిన రోజు సాయంత్రం ఒక లీటరు, విరేచనాలు పట్టుకుంటే తప్పనిసరిగా. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన, లీటరుకు 20.5 గ్రాములు లేదా దానికి దగ్గరగా ఉండే పొడి పొట్లాన్నే కొనాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకొని, అంతకు ఎన్నో రెట్ల చక్కెరతో డబ్బాల్లో అమ్మిన పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగానే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకుండా నిషేధించింది. చక్కెర ఎక్కువైన పానీయం పేగుల్లోకి ఉల్టా నీటిని లాగుతుంది, ఎడారిలో అది సహించలేని నష్టం. పొట్లం లేనప్పుడు లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి, కొలిచి కలుపుకోవచ్చు.

ఒంట్లో నీరు సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి మూత్రమే నమ్మకమైన గుర్తు. లేత పసుపుగా ఉంటే సరే. ముదురు గోధుమ రంగుకు తిరిగినా, నాలుగైదు గంటలు అసలు రాకపోయినా నడక ఆపి నీడన కూర్చొని తాగాలి. సిగ్గుపడి ఈ సంగతి నాయకుడికి చెప్పని వాళ్ళు, ముఖ్యంగా మరుగు దొరకదని ఉద్దేశపూర్వకంగా తక్కువ తాగే ఆడవాళ్ళు ప్రతి బృందంలోనూ ఉంటారు. మరుగుకు ఎక్కడ ఆగాలో ముందే అనుకొని, రెండు గంటలకోసారి ఆ విరామం ఇవ్వడం నాయకుడి బాధ్యత. ఏ సీసా ఎంపికా దీనికి ప్రత్యామ్నాయం కాదు.

వెనక్కి తిరగవలసిన గీత

బయలుదేరే ముందు రాత్రి క్యాన్లన్నీ నింపి, మూతలు బిగించి, పక్కకు పడుకోబెట్టి కింద పొడి గుడ్డ పరవండి. తెల్లవారేసరికి గుడ్డ తడిస్తే ఆ క్యాను జైసల్మేర్‌లోనే మార్చుకోవాలి. నిల్వ క్యాన్ల మూతలకు ఎర్ర టేపు చుట్టండి, అవి ఎవరి అనుమతితో విప్పాలో అందరికీ చెప్పండి. ప్రతి సాయంత్రం బస దగ్గర ఒకరు మిగిలిన లీటర్లు లెక్కపెట్టి, మిగిలిన గంటలతో సరిచూసి, ఆ అంకెను బృందమంతటికీ, ఒంటె తోలేవాళ్ళకు కూడా, పైకి చెప్పాలి. నిల్వను కలపకుండా ఉన్న నీటిలో సగం అయిపోయేనాటికి సగం దారి పూర్తికాకపోతే, ఎవరికి ఎంత ఓపిక ఉన్నా సరే, మర్నాడు ఉదయం దగ్గరలోని ఊరివైపే నడవాలి. ఎర్ర టేపు విప్పవలసి వచ్చిన రోజున యాత్ర అక్కడితో ముగిసినట్టే. ఆ నీరు ఊరు చేరడానికి, ముందుకు పోవడానికి కాదు.